పాత సుక్క

రెండు బస్తాల సున్నం కావాలని కాయితం రాయించినాను.
దాని మీద కోచ్ సంతకం ఉండాలంట.
కోచ్ ఎవులయ్యా అంటే
సోమారం నాటికి వొస్తాడు, పేరింకా తెల్దు
అంతన్నారు ఆఫీసులోన.

ఆమదాలవలస కాలేజీ గ్రౌండుకి
పద్దెనిమిదేళ్లబట్టి గీతలేస్తన్నాను.
నాలుగో కోచ్ ఈయన.
మొదటాయన ఊసెందుకు, గ్రౌండు మొకం సూసినోడు కాదు.

దాలినాయుడు మాస్టారు టేపెట్టి కొలిసినోడు కాదు.
గోలు గీతకి మడమ ఆనించి
పన్నెండంగలేసి ఆగీవోడు.
"ఇక్కడెట్టు గవరయ్యా సుక్క."
ఎట్టీవోణ్ణి.
పదకొండేళ్లు అదే సోట సున్నం పడ్డాది.
గడ్డి కాలిపోయి
భూమికి బట్టతలొచ్చీసినాది.

తెల్లారగట్ల పేసింజరు కూతేసినప్పుడికి
కుర్రోళ్లు బూట్లేసీసుకోవాల.
లేనోళ్లు కాలికి గుడ్డ కట్టీసుకోవాల.
ఆట ఒకటే నేర్పినాడాయన:
ఎక్కడ దొరికినా బంతి ఫల్గుణ ఎడంకాలికిచ్చీండి.
సీతంపేట కొండ దిగొచ్చిన సవరోళ్ల గుంటడు.
నోట మాటుండదు.
ఎడంకాలే మాటాడతాది.

ఒకేడు ఫైనలు దాకా ఎల్లినాం.
తరవాతేడు ఒక్కటీ నెగ్గనేదు.
ప్రిన్సిపాలమ్మ కమిటీ ఏసినాది,
కమిటీ టీ తాగినాది,
మాస్టారి గెస్టు పోస్టు ఎగిరిపోనాది.
సైకిలు కేరియరుకి బంతుల వల కట్టుకొచ్చీవోడు
వల అప్పజెప్పీసి
ఉత్త కేరియరుతోటి ఎల్లిపోనాడు.
నాను తాళాలు లెక్కెట్టుకున్నాను. నాకేటి పని.

నెల తిరక్కండా సికాకులంలోన ఇంకో కాలేజీవోళ్లు
ఆయన్ని పిలిసీసినారు.
ఎనకాలే ముగ్గురు కుర్రోళ్లు టీసీలట్టుకు పోనారు.
ఫల్గుణ నాతో సెప్పనైనా సెప్పనేదు.
స్టోరు గుమ్మం కాడ వాడి బూట్లు,
లేసులు లేసులు ముడేసి.
ఎవులికో సరిపోతాయని ఒగ్గీసినాడు గావాల.

కొత్తాయన శామ్యూల్ సారు, రాజమండ్రి మడిసి.
ఎర్ర కోన్లు తెచ్చినాడు, ఇనప టేపు తెచ్చినాడు.
కొలిస్తే మా సుక్క
జేనెడు తప్పు.
పదకొండేళ్ల సున్నం మీద నీళ్లోసి తుడిసీమన్నాడు.
తుడిసినాను.
బట్టతల పోతాదేటి?

"ఒకడి కాలి మీద ఆట నిలబెట్టకూడదు" అన్నాడు సారు.
నిజివే. ఆ యేడు ఎవులి కాలి మీదా నిలబడనేదు.
ఐదు గోల్సు, ఏడు గోల్సు, మళ్లీ ఐదు.
అయినా సీకటడ్డాక
గోలీ కుర్రోడు ఢిల్లేశుకి
టార్చిలైటు ఎలుగులోన బంతులిసిరీవోడు,
ఒక్కడే, దోమలు పీకుతంటే.
అదీ సూసినాను. అబద్దం సెప్పను.

జనవరిలోన ఆ సికాకులం టీము మా గ్రౌండుకే వొచ్చినాది.
మాస్టారు బస్సు దిగి నన్ను సూసి
"మోకాలు నొప్పెలగున్నాది" అన్నాడు, అంతే.
ఆట ఆఖర్న పెనాల్టీ.
ఫల్గుణ బంతి తెచ్చి
పాత సుక్క మీదెట్టినాడు.
కాలి అలవాటు.
రిఫరీ ఈలేసి జేనెడు జరపమన్నాడు.
అటు మాస్టారు, ఇటు సారు,
ఇద్దరూ నేలకేసే సూస్తన్నారు.

ఢిల్లేశు ఆపీసినాడు.
మావోళ్లు సారుని బుజాలకెత్తీసినారు.
ఫల్గుణ ఆ బట్టతల మీద కూలబడ్డాడు.
నాను ఎవుల వైపు నవ్వాలో తెలక
ఎల్లి కార్నరు జెండా సరిసేసినాను,
అది బాగానే ఉన్నా.

ఏసంగికి శామ్యూల్ సారుకీ పెద్ద జీతం పిలుపొచ్చినాది.
టేపు ఒగ్గీసి పోనాడు. తుప్పడతన్నాది.

ఈ వొచ్చినాయన అంగలేస్తాడో, టేపెడతాడో.
సుక్క ఎక్కడెట్టమంటే అక్కడెడతాను.
కాయితం మట్టుకు బల్ల మీదే ఉంది,
నాగావళి గాలికి ఎగిరిపోకండా
దాని మీద ఈల ఎట్టినాను.