ఆకుల లెక్క

మొగనికి వణీ బదిలీ అయినంక
సామాను లారీ ఎక్కబోతూ ఎక్కబోతూ దిగి
సుమన్‌బాయి మళ్ళ మా గడపకొచ్చింది,
రంగు డబ్బాల మనీప్లాంటు నా చేతిల పెట్టింది.
"పాణీ జాస్త్ నకో" అన్నది.
మూడే మాటలు. మూడూ మర్చిపోయిన.

బల్లార్షాల ఎండాకాలమంటే
గోడకు వీపు ఆనించలేని కాలం.
పగటీలి రెండింటికి సాస్తి గనిల బ్లాస్టింగు పేలితే
క్వార్టర్ కిటికీ పండ్లు కొరుకుతది,
ఆకుల కొనలు సన్నగ వణుకుతయి.
గింత సెగల ఒంటి తీగ ఎట్ల బతుకుతదని
పొద్దున ఒక చెంబు, మాపున ఒక చెంబు,
గట్టయ్య రాత్రి డ్యూటీకి పోయినంక
నిద్ర రాక ఇంకో చెంబు.

బొగ్గు మసి ఎవ్వరినీ అడిగి రాదు.
ఆరేసిన చీర మీద, మూత మరిచిన పెరుగు మీద,
ఆకు మీద.
నాలుగొద్దులకోసారి తడిగుడ్డ పట్టి
ఆకు కింద అరచెయ్యి పెట్టి
కాడ నుంచి కొనదాక ఒక్కటే దిక్కు తుడవాలె.
పద్నాలుగు ఆకులు.
గట్టయ్య డ్యూటీ దిగొచ్చి చూసి
"నా మొఖం గూడ గట్లనే తుడువరాదు" అన్నడు.
నవ్విండు. నవ్వుల దగ్గు కలిసింది.

తొలి ఆకు పసుపైతే దాహమనుకున్న.
ఇంకో చెంబు.
పదమూడు. పది. ఆరు.
పీకి చూస్తే వేళ్ళు
సద్దన్నం లెక్క చేతుల చితికినయి.
పేపరు మిల్లు కంపును ముప్పై ఏండ్లు పీల్చినదాన్ని,
ఆ వాసనకు ముక్కు మూసుకున్న.
డబ్బాకు కింద ఒక్క బొక్క లేదు.

ఆదివారం ఆదివారం ఫోను.
"ఝాడ్ కసం ఆహే?"
"బరం ఆహే, బాయీ."
మరాఠీల అబద్ధం అల్కగ వస్తది.
తెలుగుల అయితే గొంతుకు అడ్డం పడేదేమొ.

కొన్న తీగ నిలువది, అడిగినది పాకది,
ఎత్కొచ్చినదే పెరుగుతదని వాడకట్టంత అంటది.
పాస్‌బుక్ ఎంట్రీకి లైన్ల నిలబడి
మేనేజరు అద్దాల గది బయట
కణుపు కింద రెండు వేళ్ళ సందు ఇడిచి
గోటితోటి గిల్లిన.
(కణుపు లేని ముక్క
నీళ్ళల్ల నెల రోజులున్నా వేరు బెట్టది.)
కొంగుల చుట్టుకున్న.
నా పైసలు ఆడనే ఉన్నయి గద,
వడ్డీ అనుకున్న.

సీసాల నీళ్ళు, కిటికీకి జర ఎడం.
వెలుగు గావాలె, ఎండ గాదు.
తొమ్మిదో నాడు కణుపు కాడ
పాలపన్ను లెక్క తెల్లగ ఒకటి.
డబ్బాకు మేకుతోని మూడు బొక్కలు కొట్టిన.
ఇగ మట్టిల వేలు గుచ్చి
రెండు కణుపులదాక పొడిగుంటేనే నీళ్ళు.
వేలికీ కణుపే, తీగకూ కణుపే.
పోసుడు అల్కగ. ఊకుండుడే
ఇయ్యాల్టికీ నాకు రాదు.

చలికాలం సుమన్‌బాయి వచ్చింది.
చాయ్ తాగుతూ డబ్బా దిక్కు చూసి చూసి
"నా దానికి తెల్ల చారలుండె" అన్నది.
నేను గ్లాసుల మీగడను ఊదుకుంట కూసున్న.
పేపరు మిల్లు సైరను కూసి ఆగింది.
అప్పుడు వచ్చీ రాని తెలుగుల మెల్లగ,
"మా అత్త ఇచ్చింది ఎప్పుడో సచ్చిపోయింది.
నీకు ఇచ్చింది దవాఖాన వరండాది."
ఆమెకు గూడ
పరాయి మాటల అల్కగ వచ్చినట్టుంది.
ఇద్దరం నవ్వితే
రాత్రి డ్యూటీ చేసి పన్న గట్టయ్య
లోపల నుంచి కసిరిండు.

తెల్లారి తడిగుడ్డ పట్టుకున్న.
నిన్నటికి పదకొండు ఆకులుండాలె.
ఎనిమిదే ఉన్నయి.
కణుపు కింద రెండు వేళ్ళ సందు ఇడిచి
సాపుగ గిల్లిన గుర్తు, ఇంకా తడి ఆరలే.

ఫోను జెయ్యలే.
ఆదివారం రానీ,
ఈసారి నేనే అడుగుత.