అరువు ముక్కు

మోరాగ్ కెల్సోకి వాసన తెలియదు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ సంగతి
నాకూ, ఒక ముసలి డాక్టరుకీ తప్ప
డనీడిన్‌లో మూడో మనిషికి పొక్కలేదు.

అవి స్టూడియోలో పిల్లల సైన్సు కార్యక్రమం రోజులు.
శుక్రవారం నాలుగున్నరకి
అట్టముక్కల అగ్నిపర్వతం పొంగితే చాలు,
ఆరింటికల్లా దేశంలో సగం వంటిళ్ళు వెనిగరు కంపు.
ఒకనాడు ఎవరో సీసాలు మార్చి పెట్టారు.
ఘాటు సూటిగా తలకెక్కింది.
ఆవిడ దగ్గలేదు.
కెమెరా వంక చూసి, "అందుకే లేబుల్ చదవాలి" అంది.
జనం మెచ్చుకున్నారు.
ఆ రాత్రి నుంచి ఆవిడకి కాఫీ
ఉత్త వేడినీళ్ళు.

తర్వాత అడవుల మీదికి పంపారు.
నాది మైకు కర్ర మోసే పని.
మొదటి రోజు, సముద్రపు గట్టున,
పసుపుకళ్ళ పెంగ్విన్ల గూళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని
"ఇక్కడ వాసన ఎలా ఉంటుందంటే" అని
ఆగిపోయింది.
కెమెరా తిరుగుతోంది. రోడెరిక్ గడియారం చూస్తున్నాడు.
ఆవిడ కళ్ళు నా మీదికొచ్చాయి,
పరీక్షలో పక్కవాడి కాగితం మీదికి జారినట్టు.
పెదాలతో అందించాను: చేప. ముగ్గిన చేప. తడి ఉన్ని.
"ముగ్గిన చేపల మీద తడి ఉన్ని ఆరేసినట్టు!"
పుట్టినప్పటి నుంచీ ఎరిగినదానిలా చెప్పింది.

అంతే. నా ముక్కుకి ఉద్యోగం దొరికింది,
జీతం లేదు.
ఆల్బట్రాస్ పిల్ల కక్కిన నూనె,
సీల్ పడుకుని లేచిన గడ్డి,
వాన వెలిశాక బీచ్ చెట్ల నాచు:
నేను పసిగట్టేవాణ్ణి, ఆవిడ పలికేది.
కొట్టుకొచ్చి చచ్చిన తిమింగలానికి మాత్రం, మూడో రోజున,
నా దగ్గర మాట లేదు. పొద్దున తిన్నదంతా ఇసకలో పోసుకున్నాను.
ఆవిడ దాని పొట్టకి ఆనుకుని నిలబడి
కొవ్వు గురించి, ఎముకల గురించి
తొమ్మిది నిమిషాలు తీరిగ్గా మాట్లాడింది.
ఉక్కు మనిషి అని పత్రికలో రాశారు.
ఉక్కు కాదు నాయనా, ముక్కు.

దక్షిణ దీవుల్లో స్కువా పక్షి
పెంగ్విన్ పిల్లని తన్నుకుపోవడం చూపించాక
సంచులకొద్దీ ఉత్తరాలు.
అన్నిటికీ ఆఫీసు జవాబిచ్చింది, ఒక్కదానికి తప్ప.
ఇన్వర్‌కార్గిల్ నుంచి ఎనిమిదేళ్ళ పిల్ల
"మీరు మంచివారు కారు" అని రాసింది.
నాలుగు కాగితాలు చింపి, ఐదోదాని మీద మోరాగ్ రాసింది:
"స్కువాకీ పిల్లలున్నాయి.
అయినా నువ్వన్నదే నిజమేమో."

ఎక్కడైనా పని ముగిశాక
ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలి,
తర్వాత అతుకులు వేయడానికి.
దగ్గకూడదు, కదలకూడదు.
నా హెడ్‌ఫోన్లలో గాలి, పురుగు,
ఎవరిదో కడుపు.

ఆవిడ చివరి రోజు అదే గట్టు.
గూళ్ళు రెండే మిగిలాయి.
రోడెరిక్ పోయాడు, అతని కుర్చీలో ఒక కుర్రది.
నిమిషం మొదలైంది.
నలభయ్యో సెకనులో, ఎన్నడూ లేనిది,
మోరాగ్ నోరు విప్పింది.
"ఇప్పుడేం వాసన?"
గుండెల నిండా పీల్చాను.
ఉప్పు. గడ్డి.
ఇంకా వెతికాను.
"పాడైంది, ఇంకోటి తీద్దాం" అంది కుర్రది.
"ఇదే ఉంచుకో" అంది మోరాగ్.

ఇప్పుడు ఆదివారాలు నేనొక్కణ్ణే వెళ్తాను.
అక్కణ్ణించే ఫోను చేస్తాను.
మొన్న చెప్పాను:
పడమటి పొదల దగ్గర, కొంచెం, చేప.
అటునుంచి చాలాసేపు ఊపిరి మాత్రం వినపడింది.
"కొంచెం అంటే ఎంత?
అబద్ధమైతే ఇప్పుడే చెప్పు."
ఫోను జేబులో పెట్టుకుని,
ఈ మోకాళ్ళతోనే,
మళ్ళీ పొదల్లోకి దూరాను.