మూడో బ్లాకు, రెండో యూనిట్

పుస్తకాల కట్ట పోస్టులో వచ్చిన దినం
రైటరు దస్తగిరి విప్పకముందే చేత్తో తూకం చూసినాడు,
పట్టుబడిన సరుకు చూసినట్టు.
"ఏం కుళ్లాయమ్మా,
నేరం నేర్చుకునేదానికి ఫీజు కట్టినావా?
మనకు దినామూ ఊరికే దొరుకుతాంది గదా!"
స్టేషనంతా నవ్వింది. నేనూ నవ్వినా.
ఆ ఫీజుకు పోయిన నా కమ్మలు
ఇంకా కుదువ అంగట్లోనే ఉండాయి.

గుంతకల్లులో రాత్రి డ్యూటీ అంటే
మెయిలు పోయినాక, బళ్లారి గూడ్సు వచ్చేలోపల
నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలే నా కాలేజీ.
పార్సిలాఫీసు పక్కన ట్యూబులైటు కింద
ఉల్లిగడ్డల మూటకు ఆనుకొని
లైన్ల కింద గీతలు గీసుకుంటా.
స్కేలు లేదు, లాఠీ పెట్టి.

మూడో బ్లాకు, రెండో యూనిట్‌లో ఒక డాక్టరు వస్తాడు.
శానా ఏండ్ల కిందట ఇటలీలో యాడనో
ఖైదీల పుర్రెలు కొలిచినాడంట.
నొసలు వెనక్కి వాలితే, దవడ ముందుకొస్తే
వాడు పుట్టుకతోనే దొంగ అన్నాడంట.
పేజీ తిప్పితే ఒకటే లైను:
ఈ సిద్ధాంతం తరువాతి కాలంలో తిరస్కరించబడినది.

లేడీస్ వెయిటింగ్ రూములో అద్దముంది,
సగం రసం రాలిపోయింది.
టోపీ తీసి నొసలు చూసుకున్నా.
మా అవ్వ నొసలే.
ఆ తిరస్కరణ మా వీధికి ఇంకా రాలేదు,
పోస్టులో యాడో ఉన్నట్టుంది.

అదే యూనిట్ చివర తెల్లదొరల చట్టం,
పుట్టుకతోనే నేరస్తులని రాసుకున్న జాతుల జాబితా.
మావాళ్ల పేరు పదకొండోది,
అచ్చుతప్పుతో.
పెన్సిల్‌తో దిద్దినా.
"రెండు మార్కుల ప్రశ్న, రావచ్చు, రాకపోవచ్చు"
అన్నాడు అనంతపురంలో ఆదివారం క్లాసు చెప్పే సారు.

మా అవ్వ సుంకులమ్మ
చంకన మా నాయన్ను పెట్టుకొని
రాత్రి పదకొండుకొకసారి, మళ్లా మూడుకొకసారి
ఠాణాకు పోయి వేలిముద్ర ఏసొచ్చేదంట,
ఇంట్లోనే ఉండానని చెప్పేదానికి
ఇల్లు వదిలి.
మూడు గంటలప్పుడు నాకూ ఆవలింత రాదు.
ఇది ఏ సిద్ధాంతం కింద వస్తాదో
పుస్తకంలో వెతికినా, దొరకలా.

ఒకనాటి రాత్రి మద్దిలేటి పట్టుబడినాడు.
పదమూడేండ్లు. చొక్కా లోపల
బోగీలోంచి విప్పుకున్న మూడు కొళాయిలు.
ఎస్సై వచ్చేదాకా పక్కన కూర్చోబెట్టుకొని
నా బొరుగుల పొట్లం చేతికిచ్చినా.
"ఏం చదువుతాండావక్కా?"
"నీ గురించేరా."
నమిలేది ఆపినాడు.
"దాంట్లో నేను బాగుండానా?"

పేజీలు తిప్పినా.
పేదరికం ఉంది, చెడు సావాసం ఉంది,
విచ్ఛిన్న కుటుంబం ఉంది,
గడులు గీసి, ఒకదాన్నించి ఇంకోదానికి
బాణం గుర్తులు ఉండాయి.
బొరుగులు ఒక్కోటి ఏరుకొని తింటా
పచ్చిమిరపకాయ నాకని పక్కన పెట్టిన పిల్లోడు
ఏ గడిలోనూ లేడు.
"ఇంకా అంతదూరం చదవలేదురా" అన్నా.
అబద్ధం. ఆ పుస్తకం రెండుసార్లు అయిపోయింది.

పరీక్షనాడు అనంతపురంలో మేడమీద గది.
చిన్నపిల్లోళ్ల బెంచీ, మోకాళ్లు పట్టలా.
నేరమునకు గల కారణములను చర్చింపుము.
పదహైదు మార్కులు.
డాక్టరును రాసినా, పుర్రెలు రాసినా,
హాల్‌టికెట్టు అంచుతో బాణాలు గీసినా.
కొళాయిలు మూడు అని రాసి
కొట్టేసినా.
వాళ్లు అడిగింది అది కాదు.

హాజరుపట్టీ నా బెంచీ కాడికొచ్చింది.
పెన్ను చేతిలోనే ఉంది.
అయినా ఎడమచేతి బొటనవేలు
చీరంచుకు తుడుచుకొని
తనంతట తానే ముందుకొచ్చింది.
"సంతకం అమ్మా, సంతకం" అన్నాడాయన.
పొట్టిగా రాయలా.
ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసినా.
గడి చాల్లేదు.
పక్క నంబరాయన గడిలోకి పోయింది.