లారీ కుదుపు

కైరోలో రాసిన ఉత్తరాలు
కైరోలోనే ఉండిపోతాయి.
మా హ్యారోకి వచ్చేది వాటి నీడలు.
పదిహేడు వందల మంది మాటలు
నా గుప్పిట్లో పట్టే ఒక్క ఫిల్ము చుట్ట.

చీకటి గదిలో ఎనిడ్ వాటిని కడిగి ఆరేస్తుంది.
నేను దీపం ముందు కూర్చుని చూస్తాను,
అక్షరం పలుకుతోందా, అలుక్కుపోయిందా అని.
చూడాలి, చదవకూడదు.
చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు.
సంతకం చేతిది. కళ్లు ఊరుకుంటాయా?

మంగళవారం, టీ గంటకి ముందు
మా వీధి పేరు కనిపించింది.
పదకొండో నంబరు. మిసెస్ పెట్టిఫర్.
అంటే సిరిల్.
మూలమీది కూరగాయల కొట్లో
పలక మీద ధరలు రాసేవాడు.
వాడి ఏడుకి పొడుగాటి తోక ఉండేది.
క్యాబేజీ అని రాసినా వయ్యారమే.
అక్షరాలన్నీ కుడికి వాలి
రైలందుకోబోయేవాళ్లలా పరిగెత్తేవి.

ఇక్కడ ఎడమకి వాలాయి.
గీతగీతకీ ఆగి ఊపిరి తీసుకున్నాయి.
"అమ్మా, నేను కులాసా.
ఇక్కడ ఈగలు తప్ప శత్రువులు లేరు.
నా సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్,
ఊరికే తుప్పు పట్టనివ్వకు."

భూతద్దం పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను.
కుడిచెయ్యి ఎక్కడ వదిలేశావు సిరిల్?
సైకిలు మాట ఎందుకొచ్చింది?
"స్పష్టంగా ఉంది" అని ముద్ర కొట్టి
తరవాతి ఉత్తరం లాక్కున్నాను.

మూడు రోజులు
ఆవిడ గుమ్మం ముందు నించి తలొంచుకుని నడిచాను.
ఒకసారి రేషను క్యూలో నా వెనకే నిలబడి
గుడ్డు పొడి గురించి మాట్లాడింది.
అరచేయంత కాగితం
నా కడుపులో నానుతూ ఉంది.

శుక్రవారం సాయంత్రం తలుపు తట్టింది.
చదువుకునే వచ్చింది.
"నీకు తెలుసు కదమ్మా ఈ ఫోటోల సంగతి.
రాత ఇలా వంకరపోవడం...
మిషన్లో ఏదైనా..."
ఆవిడ బొటనవేలు తేదీ మీద ఉంది.
ఏడుకి తోక లేదు.

"మిషను కాదండీ," అన్నాను,
"లారీలో కూర్చుని రాసుంటాడు. ఎడారి దారులు కదా."
"అదే," అంది, "లారీ కుదుపే."
ఇద్దరం ఆ లారీని చాలాసేపు
మా వంటింట్లో నడిపాం.
టీ చల్లారిపోయింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి,
"సైకిలు మీ తమ్ముడికి పనికొస్తుందేమో అడుగు,"
అంది, చేతితొడుగు తొడుక్కుంటూ,
నా కళ్లలోకి చూడకుండా.