పదకొండు నిమిషాల తెలుపు

రెండు రేకు డబ్బాలు
నార్కట్‌పల్లి మీదికెల్లి బస్సు టాపు మీద వచ్చినయి.
మూతల మీద సుద్దతోని రాసిన పేరు: ఆన్సెల్మో బార్రెదా.
మోసుకొచ్చింది నేను, ఎనిమిదో తరగతి.
రామగిరి బడి కిటికీలకు గొంగళ్ళు కట్టి
నల్లగొండ ఎండల చీకటి తయారుచేసినం.

భిక్షమయ్య సారు డ్రాయింగు మాస్టరు.
తెర కింద ఉరికే ఇంగ్లీషు అక్షరాలను పట్టి
మన మాటల చెప్పుడు ఆయన పని.
బొమ్మకు ముందు ఆ స్పెయినాయన బతుకు చదివిండు,
సైక్లోస్టైలు కాయితం కండ్లకు దగ్గరగ పెట్టుకొని:
నాయిన బావులు తవ్వేటోడు.
ఊరంత రాళ్ళు, గొర్లు, గాలి.
పదేండ్లప్పుడు చర్చి గోడ మీద మొదటి బొమ్మ చూసిండట.
దీపం వేడికి ఫిలిం కాలి
గుర్రమెక్కినోని మొకం కరిగిపోయిందట,
గుర్రం మాత్రం ఇంకింత దూరం ఉరికిందట.

మొత్తం నాలుగే సినిమాలు.
మొదటిదానికి పెండ్లాం కుట్టుమిషను అమ్మిండు.
రెండోదాని మీద జనరల్ కత్తెర పడ్డది.
మూడోది పరాయి దేశంల
హోటల్ల గిన్నెలు కడుక్కుంట ఏడేండ్లు తీసిండు.
నాలుగోదాని సంగతి చదవబోతుంటే కరెంటొచ్చింది.

మేం తెచ్చింది రెండోది.
కాలువ పనికొచ్చిన పాలమూరు కుర్మయ్య
బొమ్మల బావి తవ్వేటోల్లను చూసి
"గడ్డపార పట్టుడు అచ్చం మనోల్లదే సారూ" అన్నడు.
రాత్రి. బావికాడ ఆడోల్లు. దూరంగ జీపు లైట్లు.
ఆ తర్వాత
తెలుపు.

దుప్పటి మీద ఉత్త తెలుపు.
"రీలు తెగిందిరో!" ఈలలు.
మిషను తిరుగుతనే ఉంది, తడిమితే నా చెయ్యి కాలింది.
సారు నోరు తెరిచి నిలబడ్డడు,
చదువుదామంటే కింద అక్షరం లేదు.

అప్పుడు సైదమ్మ తెరకెదురైంది.
మర్రిగూడ దిక్కు నీళ్ళు తాగిన ఎముకలు,
మెడ తిరగదు, నడుమంత తిప్పింది.
బడి ఊడ్చే మనిషి.
"జీపోల్లు ఏం జేసిండ్రో నాకెరుక" అని
నిమ్మళంగ చెప్పుడు మొదలువెట్టింది.
ఎవరి ముచ్చటో, ఏ ఏడుదో ఎవరూ అడగలే.
ముందు బొక్కెన బావిల పడ్డ చప్పుడు వినొచ్చిందట.
ఏడుపు ఆ తర్వాతనట.

బొమ్మ మల్ల వచ్చేసరికి
ఆడోల్లు ఖాళీ బిందెలతోని ఇండ్లకు పోతున్నరు.
ఎందుకని ఒక్కరు గూడ అడగలే.

ఇప్పుడు నేను మిర్యాలగూడల పెండ్లిళ్ళు తీస్త.
మొన్న ఫోన్ల ఆయన పేరు కొట్టి చూసిన.
రీలు తెగలేదట.
కత్తిరించినకాడ అతుకు పెట్టనని
పోయిన సీనుకు సరిపోను, ఫ్రేము తక్కువగాకుండ
తెల్ల ఫిలిం అతికించి వదిలిండట.
ఆ తెలుపుకే పద్నాలుగు నెలలు జైల్లేసిండ్రట.
జనరల్ చచ్చినంక దేశం వచ్చిండు గని
పిలిచి సినిమా ఇచ్చేటోడు దొరకలే.
నాలుగోది పొరుగూరి పెండ్లి, అద్దె కెమెరా,
చిన్నదని లెక్కల గూడ రాయరట కొందరు.
నల్లగొండ అనే ఊరుందని
ఆయనకు తెలిసుండదు.

పోయిన నెల ఒక పెండ్లి క్యాసెట్ల,
అంటే పెన్‌డ్రైవుల, పాత నోరు పోదు,
అప్పగింతలకాడ పిల్ల తల్లి చూపు తర్వాత
పదకొండు సెకండ్లు తెల్లగ వదిలిన.
పెండ్లికొడుకు నాయిన సగం పైసలు ఆపిండు.
సరిచేసి పాటేసి ఇచ్చిన, కిరాయి కట్టాలె గద.
తీసేసిన ముక్కను మాత్రం
సైదమ్మ పేరు పెట్టి దాసుకున్న.