ఒక చరణం ముందు

మొదట్లో మాకు ఒకటే తెర.
గుణుపురం మిషన్ వీధి చర్చిలో
ప్రసంగ వేదిక వెనక సున్నం కొట్టిన గోడ.
ఏ పాట వెతికినా అందరి ముందే వెతికేదాన్ని.
బాణం గుర్తు గోడ మీద చీమలా తిరుగుతుంటే
ముందు వరస పిల్లలు వేళ్ళతో దాన్ని తరిమేవారు.
ఓ ఆదివారం, పాటకీ ప్రార్థనకీ మధ్య,
మా గ్రూపు లోను కిస్తీ తేదీ
మూరెడేసి అక్షరాలతో గోడెక్కింది.
ఎవరూ నవ్వలేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

తరవాత బెనాయా మావయ్య
బరంపురం నుంచి ఒక కేబుల్ తెచ్చాడు.
ఇప్పుడు గోడది గోడకి, నాది నాకు.
గోడ మీద పాడుతున్న చరణం,
నా ఒళ్ళో రాబోయే చరణం.

పాటలు తెలుగువే. అక్షరాలు ఒడియావి.
ఇక్కడ మేం తెలుగులో తిట్టుకుంటాం, తెలుగులో ఏడుస్తాం,
బడిలో మాత్రం గొడుగులేసుకున్న అక్షరాలే దిద్దాం.
ఆ గొడుగుల కింద మా ఎ-కీ ఏ-కీ
పొట్టీ పొడుగూ తేడా లేదు.
ఎక్కడ సాగదీయాలో నేను రాయలేను,
తబితమ్మ గొంతుకి తెలుసు.
ఆమె ఏ లిపీ చదవదు.
దండెం మీద బట్టలు ఆరాయా అని చూసినట్టు
తెర వైపు చూసి పాడుతుంది.

ఆగస్టులో రూపవతి పెనిమిటి ఎలియాబు
ఇసక ట్రాక్టరుతో వంశధారలో దిగాడు.
ట్రాక్టరు మర్నాడు దొరికింది.
అతను మూడో రోజు.

నెల తిరిగాక ఆమె వచ్చింది,
కిటికీ పక్కన, పాత చోటే.
పాట ఎంచిన పాస్టరుగారు చూసుకోలేదు.
నేను చూశాను.
గోడకంటే ఒక చరణం ముందు
నా ఒళ్ళో ఏరు కనిపించింది.
నాలుగో చరణం. దాటడం, అవతలి గట్టు,
చెయ్యి పట్టుకునేవాడు.

మూడు కాగానే ఐదు నొక్కేశాను.
సంఘమంతా నాతోపాటు గెంతేసింది.
హార్మోనియం ఒక్క ఊపిరి తడబడి సర్దుకుంది.
ఎంత తేలిక, ఒక ఏటిని తీసేయడం.

కిటికీ పక్క నుంచి మాత్రం
నాలుగో చరణం వస్తూనే ఉంది.
ఒక్క గొంతు. తొందర లేదు.
ఐదు పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు.
తబితమ్మ ఆమెతో కలిసింది,
సాగదీయాల్సిన చోట సాగదీస్తూ.

వెనక్కి నొక్కాను.
ఏరు గోడ మీదికొచ్చింది, గొడుగులన్నీ వేసుకుని.
అందులో గట్టు అన్న మాటకి
ఒత్తు లేదు. నేనే మర్చిపోయాను,
ఇన్నాళ్ళూ చూసుకోలేదు.

ఆమె సరిగ్గానే పాడింది.