ముప్పై రెండో చుట్టు

ఆలూరు బస్సులో వచ్చింది డబ్బా.
ఐసు సగం కరిగి, మూత మీద చెమట.
లోపల మూడు గొట్టాలు, ఒకటి ఉరుకుందమ్మది.
ఇరవై మూడేళ్లు. పదకొండో వారం. రెండోసారి.
నర్సమ్మ రాత వంకరగా ఉంది,
నిలబడే రాసి ఉంటుంది.

కర్నూలు పెద్దాసుపత్రి మేడ మీద మా గది.
బేతంచెర్ల బండల మీద చెప్పులు విడిచి
తొడుగులు వేసుకుంటాను. మాట్లాడను.
ఇక్కడ ఊపిరి తగిలినా నమూనా చెడుతుంది.

బొట్టులో పదోవంతు తీసి మిషనులో పెట్టాను.
కాగుతుంది, చల్లారుతుంది, మళ్లీ కాగుతుంది,
బాలింత నీళ్లకు పెట్టిన అండా మాదిరి.
ఉన్నదాన్ని రెండు చేస్తుంది, రెండును నాలుగు.
లేనిదాన్ని ఎన్నిసార్లు కాచినా
లేనిదిగానే ఉంచుతుంది.

ఇరవై చుట్లు. గీత నేలబారుగా పడుకునే ఉంది.
కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది.
కింద కాన్పుల వార్డులో ఎవరో పెద్దగా అరిచారు,
ఆ తర్వాత ఒక పసిగొంతు.
నా కాలానికి ఈ మిషను లేదు.
నాది బకెట్లో పోయింది.

ముప్పై రెండో చుట్టులో గీత లేచింది,
మొదట మడమ ఎత్తినట్టు,
ఆపైన నిట్టనిలువుగా.
సైటోమెగలో వైరస్.
ఉందని మాత్రమే చెబుతుంది గీత.
అదే తీసుకుపోయిందని చెప్పదు.

గురువారం వచ్చింది, అత్తతో.
చంకలో రెండేళ్ల పెద్దోడు, చేతిలో నానిన బిస్కెట్టు.
"అక్కా, బుడ్డలు పీకనీకి పోయినందుకు కాదా?"
కాదు.
"గ్రానం నాడు కత్తిపీట ముట్టినందుకు?"
కాదమ్మా.
అత్త కిటికీ వైపు తిరిగింది,
అక్కడ చూడ్డానికి నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు.
ఉరుకుందమ్మ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చదివింది.
భుజాలు కొంచెం కిందికి దిగాయి,
తలమీది కట్టెలమోపు ఎవరో అందుకున్నట్టు.

అప్పుడే పిల్లోడు సగం కొరికిన బిస్కెట్టు
ఆమె నోట్లో కుక్కాడు.
నవ్వింది. నమిలింది.

ఇది పసిపిల్లల ఎంగిలిలో ఉంటుందని
నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది.
రిపోర్టులో ఎంగిలికి గడి లేదు.
ఒక మోపు దించి ఇంకో మోపు ఎత్తడానికా
ఆలూరు నుంచి రప్పించింది?

"సబ్బుతో కడుక్కో చేతులు,
వాని ముక్కు తుడిచినాక," అన్నాను.
అంతే అన్నాను.